సంక్రాంతికి చూసి కావలిలో ఇల్లు కొనకండి, మే నెలలో ఒకసారి, నవంబరులో ఒకసారి వచ్చి ఉండండి

మీరడిగింది ఇదీ: ముప్ఫై ఏళ్ళుగా హైదరాబాద్‌లో ఉద్యోగం, వచ్చే జూన్‌లో రిటైర్మెంట్. సంక్రాంతికి బంధువుల ఇంటికని కావలి వచ్చారు, ఊరు నచ్చింది, ఇల్లు కొనుక్కుని ఇక్కడే ఉండిపోదామనుకుంటున్నారు. రోజూ పొద్దున్నే షటిల్ ఆడే అలవాటుంది. అది సాగుతుందా, ఇక్కడి ఎండా వానా తట్టుకోగలమా, అసలు చిన్న ఊళ్ళో పొద్దుపోతుందా అని.

నేను డ్రిల్ మాస్టర్‌ని. కాగితాల మీద పీఈటీ అని రాసేవాళ్ళు గానీ ఊరికి మాత్రం డ్రిల్ అయ్యోరినే. నెల్లూరు జిల్లా హైస్కూళ్ళలో 33 ఏళ్ళు చేసి 2011లో రిటైరయ్యాను. అప్పట్లో 58కే ఇంటికి పంపేవాళ్ళు. ఆ ఉద్యోగంలో నాకు గట్టిగా అబ్బిన విద్య ఒక్కటే. పొద్దున్నే గ్రౌండ్‌లోకి వెళ్ళి, చెప్పు విడిచి, మడమతో మట్టిని నొక్కి చూసి, ఇవాళ ఏ ఆట ఆడించొచ్చో, ఏది ఆడిస్తే పిలకాయల మోకాళ్ళు పగుల్తాయో చెప్పడం. మీకు కూడా ఆ మట్టి మీద నిలబడే జవాబు చెబుతాను.

ముందు అసలు మాట. జనవరిలో కావలి పెళ్ళిచూపులకి ముస్తాబైనట్టుంటుంది. కాలువల్లో నీళ్ళు, పచ్చని మడి, పొద్దున మంచు, మధ్యాహ్నం కూడా నొప్పెట్టని ఎండ. అది చూసి అడ్వాన్స్ ఇచ్చేసినవాళ్ళని నేను కనీసం నలుగుర్ని చూశాను. అందులో ఇద్దరు మళ్ళీ హైదరాబాద్ వెళ్ళిపోయారు. మీరు అద్దెకో, చుట్టాల ఇంట్లోనో మే నెలాఖరులో పది రోజులు, నవంబరులో పది రోజులు ఉండండి. ఆ ఇరవై రోజుల తర్వాత కూడా ఊరు నచ్చితే నిశ్చింతగా కొనుక్కోండి.

ఎందుకంటే మన జిల్లాకి కాలం తిరగబడి ఉంటుంది. హైదరాబాద్‌లో జూన్ రెండోవారం వచ్చేసరికి ఆకాశం మారుతుంది, నాలుగు చినుకులు పడతాయి, ప్రాణం లేచొస్తుంది. ఇక్కడ అలా కాదు. నైరుతి ఋతుపవనం పడమటి కనుమల మీద, ఆ తర్వాత దారి పొడుగునా తడి వదిలేసి, మన వెలిగొండలు దిగేసరికి ఒట్టి పొడిగాలై వస్తుంది. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు కదా, రోహిణి అయిపోయాక మృగశిరలో కూడా మాకు రోళ్ళు పగులుతూనే ఉంటాయి. బడులు జూన్ 12న తెరుస్తారు. ప్రార్థన దగ్గర పిలకాయలు కళ్ళు తిరిగి పడిపోవడం నేను మే నెల కంటే జూన్‌లోనే ఎక్కువ చూశాను, మే నెలలో బడి ఉండదు కాబట్టి అనుకోండి.

ఒక కిటుకు చెబుతాను, ఇక్కడ పుట్టి పెరిగినవాళ్ళందరికీ తెలిసిందే. వేసవిలో మధ్యాహ్నం ఒంటిగంట, రెండు ప్రాంతంలో తూర్పు నుంచి సముద్రపు గాలి మొదలవుతుంది. అది వచ్చిన రోజు ఒళ్ళంతా జిడ్డుగా ఉంటుంది గానీ బతికిపోయినట్టే. పడమటి గాలి గట్టిగా తోలిన రోజు ఆ తూర్పుగాలి ఊళ్ళోకి రాదు. ఆ రోజు సాయంత్రం ఆరింటికి కూడా గోడ ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది. నేను ఇప్పటికీ మధ్యాహ్నం భోజనం చేసి మేడ మీద ఆరేసిన తువ్వాలు ఎటు ఊగుతుందో చూస్తాను. పడమరగా ఊగితే సాయంత్రం గ్రౌండ్‌కి పోవచ్చు. తూర్పుగా ఊగిందంటే పడమటి గాలి తోలుతున్నట్టు, ఇంట్లోనే మజ్జిగ తాగి పడుకోవడం.

రిటైరైన వయసులో ఆ ఎండకి పంతం పనికిరాదు. ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఐదింటికి మొదలెట్టి ఆరుంపావుకి ముగించండి. సూర్యుడు ఐదుముప్పావుకే లేస్తాడు, ఏడింటికి ఆడదామంటే అప్పటికే నెత్తిన కుంపటి. బీపీ మాత్రలు వేసుకునేవాళ్ళయితే వేసవికి ముందు డాక్టరుతో ఒక మాట మాట్లాడండి, కొన్ని మందులు ఒంట్లో నీరు లాగేస్తాయి. నిమ్మకాయ నీళ్ళు తాగండి అంటారు అందరూ. మాది నిమ్మతోటల జిల్లానే, పొదలకూరు, గూడూరు మార్కెట్లు మన పక్కనే. అయినా ఏప్రిల్‌లో కావలి సంతలో నిమ్మకాయ ధర అడిగితే చెప్పేవాడికే సిగ్గేస్తుంది. ఉప్పు, మజ్జిగ నమ్ముకోండి.

ఇక వాన. మాకు ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు, నవంబరు, డిసెంబరుల్లోనే పడుతుంది. తక్కిన ఆంధ్రలో రైతు మృగశిర వైపు చూస్తే ఇక్కడ స్వాతి, విశాఖ కార్తెల వైపు చూస్తాడు. నాకు సర్వీసంతా తీరని తలనొప్పి ఇదే. స్కూలు ఆటల పోటీలు మండలం, డివిజన్, జిల్లా అని మెట్లెక్కుతూ వచ్చేసరికి సరిగ్గా మా గ్రౌండ్లు చెరువులయ్యే రోజులొస్తాయి. క్యాలెండర్ తయారుచేసే పెద్దమనుషులకి నవంబరంటే చల్లటి, పొడి నెల. మాకు నవంబరంటే బురద. ఒక ఏడాది ఖోఖో ఫైనల్ కోసం పొద్దున్నించీ బక్కెట్లతో నీళ్ళు తోడి, రంపపు పొట్టు చల్లి, మధ్యాహ్నం రెండింటికి ముగ్గుపిండితో గీతలు గీశాం. రెండుంపావుకి మళ్ళీ వాన. గీతలు మా కళ్ళముందే పాలలా కరిగి గట్టు పక్కకి పోయాయి. ఆడపిల్లలు ఏడుస్తుంటే నాకూ ఏడుపొచ్చింది. నవ్వుకోండి, పర్లేదు.

తుఫాను మాట చెప్పకుండా కావలి గురించి చెప్పలేను. 1989 నవంబరు 9. థాయిలాండ్ అవతల పుట్టి, ఆ దేశాన్ని దాటి మన బంగాళాఖాతంలోకి వచ్చిన తుఫాను అది, పేరు గే. వచ్చి వచ్చి సరిగ్గా కావలి దగ్గర తీరం దాటింది. నాకప్పుడు ముప్ఫై ఆరేళ్ళు. ముందు గాలి ఉత్తరం నుంచి కొట్టింది. రేకులు ఎగురుతున్న చప్పుడు తప్ప వేరే ఏదీ వినబడలేదు. తర్వాత ఉన్నట్టుండి నిశ్శబ్దం. పక్కింటాయన తుఫాను పోయిందని లాంతరు పట్టుకుని బయటికొచ్చాడు. మా నాన్న మాత్రం తలుపు తియ్యనివ్వలేదు, ‘ఇది కన్నురా, ఇంకా సగముంది’ అన్నాడు. ఆయనకి ఎవరు చెప్పారో తెలీదు. కాసేపటికి దక్షిణం నుంచి మొదలైంది. ఉత్తరపు గాలికి వంగిన చెట్లన్నీ ఈసారి ఇటు విరిగాయి. పక్కింటాయన ఎలాగో మా వరండాలోకి దూరి బతికాడు, లాంతరు మాత్రం దొరకలేదు. మర్నాడు బడికి వెళ్తే వాలీబాల్ ఇనప స్తంభం రెండుగా మడిచిన కడ్డీలా ఉంది. దాన్ని తర్వాత కమ్మరి దగ్గర సాపు చేయించి పదేళ్ళు వాడాం. చివరిదాకా కొంచెం ఎడమకి వంగే ఉండేది. మా స్కూలు పిలకాయలు ఎడమవైపు స్మాష్ బాగా కొట్టేవాళ్ళు, అది దాని చలవే అని నా నమ్మకం.

అంతటిది ప్రతి ఏడాదీ రాదు. కానీ 2015 నవంబరు వానలు, 2021 నవంబరు పెన్నా వరద మీకు పేపర్లో గుర్తుండే ఉంటాయి. 2021లో పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది, కోవూరు దగ్గర హైవే తెగింది. నెల్లూరు మనకి యాభై చిల్లర కిలోమీటర్లే, అయినా ఆ రోజుల్లో మందులకి కూడా నెల్లూరు పోలేకపోయాం. అందుకే నవంబరు ఉండి చూడమన్నది. ఇల్లు చూసేటప్పుడు బ్రోకరు చూపించే మార్బుల్ కాదు, రోడ్డు కంటే గుమ్మం ఎంత ఎత్తులో ఉందో చూడండి. రోడ్డు వేసిన ప్రతిసారీ పాతదాని మీదే కొత్తది పోస్తారు. ఇరవై ఏళ్ళ నాటి ఇల్లయితే ఈపాటికి గుంటలో ఉంటుంది. పక్కింటి గోడ మీద పాత నీటి చార ఎక్కడిదాకా ఉందో చూడండి, బ్రోకరు అబద్ధం చెప్పినా గోడ చెప్పదు. ఇంకోటి, పడమటి వైపు గోడకి ఎండ తగలకుండా చెట్టో, పక్క మేడో ఉందో లేదో చూడండి. మే నెలలో మీ పడగ్గది సంగతి ఆ గోడ తేలుస్తుంది.

ఇప్పుడు మీ షటిల్. ఇండోర్ కోర్టులు ఈమధ్య ఊళ్ళో వచ్చాయి, ఆడేవాళ్ళున్నారు, ఆ బెంగ అక్కర్లేదు. కానీ ఇక్కడికొచ్చి కూడా నాలుగు గోడల మధ్యే ఆడతానంటే నాకు కొంచెం బాధ. మా కాలంలో షటిల్ డబ్బున్నవాళ్ళ ఆట, మాది బాల్ బ్యాడ్మింటన్. జట్టుకి ఐదుగురు, ఆరుబయట మట్టి కోర్టు, పసుపుపచ్చ ఉన్ని బంతి. బరువు 27 నుంచి 30 గ్రాములు, షటిల్ కాక్‌కి ఐదారు రెట్లు, కాబట్టి మా గాలికి కొట్టుకుపోదు. దక్షిణాదిలో, ముఖ్యంగా కోస్తా ఊళ్ళల్లో, సాయంత్రమైతే ప్రతి బడి వెనకాలా ఈ బంతి చప్పుడే. కార్తీకమాసంలో ఆడితే మంచుకి ఉన్ని తడి పీల్చి బంతి బరువెక్కేది. నాలుగు బంతులు తెచ్చి, ఆడుతున్నది తప్ప మిగతా మూడూ చొక్కా లోపల పొట్టకి ఆనించి పెట్టుకునేవాళ్ళం, వెచ్చగా, పొడిగా ఉండాలని. దూరం నుంచి చూసేవాళ్ళకి మేం ముగ్గురు పిల్లల తల్లుల్లా కనిపించేవాళ్ళం. అరవై దాటేదాకా ఆడాను. ఇప్పుడు ఆడేవాళ్ళు తగ్గిపోయారు, ఉన్న నలుగురికీ ఐదోవాడు కావాలి. మీరు వస్తే మాకు జట్టు నిండుతుంది. ఇందులో నా స్వార్థముందని ఒప్పుకుంటున్నాను.

నా మోకాలి గురించి కూడా చెప్పాలి. ఇక్కడ ఒకచోట వాకింగ్ ట్రాక్‌కి నున్నటి టైల్స్ పరిచారు. ఎవరు పరిచారో, ఎవరు బిల్లు పెట్టారో మనకొద్దు. మొదటి వానకే నేను జారి కుడి మోకాలు చిప్ప దెబ్బతీసుకున్నాను. మూడు నెలలు మంచం. డ్రిల్ మాస్టరు నడుస్తూ పడ్డాడని ఊరంతా నవ్వుకుంది. అప్పట్నించీ నా నియమం ఒకటే, మట్టి కనిపిస్తే మట్టి మీదే నడవడం. టైల్స్ మీద నడిచేవాళ్ళని చూస్తే ఇప్పటికీ ఆపి చెబుతాను, విసుక్కుంటారు.

పొద్దుపోవడం సంగతి. ఇక్కడ ఏడాదిని నెలల లెక్కన కాకుండా గ్రౌండ్ లెక్కన చూసుకుంటే పొద్దు చాలదు. పిల్లలకి సంక్రాంతి సెలవులు రాగానే కబడ్డీ. చెడుగుడు అనే పాత పేరు ముసలోళ్ళమే వాడుతున్నాం. 2014లో టీవీలో ప్రో కబడ్డీ మొదలయ్యాక పిలకాయలు బూట్లేసుకుని ఆడుతున్నారు, ‘డూ ఆర్ డై’ అని అరుస్తున్నారు. మంచిదే. నాకు ఒక్కటే లోటు, కూత. మా రోజుల్లో కూత ఊరవతలికి వినబడేది, ఊపిరి ఉన్నంతసేపే బరిలో ఉండేవాడు. ఇప్పుడు ముప్ఫై సెకన్ల గడియారం వచ్చింది, కూత నోట్లోనే గొణుక్కుంటున్నారు. కోర్టు తయారుచెయ్యడం మాత్రం ఇప్పటికీ నా దగ్గరికే వస్తారు. పదమూడు మీటర్లు పొడుగు, పది మీటర్లు వెడల్పు, ఆడపిల్లలకైతే పన్నెండు, ఎనిమిది. కొలత కష్టం కాదు, మట్టే కష్టం. ఎర్రమట్టిలో ఇసుక కలిపి, ముందురోజు సాయంత్రం తడిపి, పొద్దున నలుగురు పిలకాయల్ని వరసగా వంగోబెట్టి రాళ్ళు ఏరించాలి. ఒక్క గులకరాయి మిగిలినా మోచెయ్యి చీరుకుపోతుంది. నేను వాళ్ళ వెనకాల ఒట్టి కాళ్ళతో నడుస్తాను. డెబ్భై రెండేళ్ళ మడమకి తగిలే రాయి పదిహేనేళ్ళ కంటికి కనబడదు.

మార్చి, ఏప్రిల్‌లో కోతలయ్యాక క్రికెట్. మా దగ్గర అసలు పంట నవంబరు వానల మీద నాటి వేసవి మొదట్లో కోసేది. సోమశిలలో నీళ్ళుంటే రెండో పంట కూడా పెడతారు, దాన్ని ఎడగారు అంటారు, తక్కిన జిల్లాలవాళ్ళకి ఆ మాటే తెలీదు. 78 టీఎంసీల డ్యాము అది. ఎడగారుకి నీళ్ళిస్తారా లేదా అన్నది మార్చిలో టీ కొట్టు దగ్గర ఐపీఎల్ కంటే పెద్ద చర్చ. దానికీ క్రికెట్‌కీ సంబంధమేంటంటారా? నీళ్ళివ్వకపోతే కోసిన మడి ఖాళీగా ఉంటుంది, ఊరికో టోర్నమెంటు. నీళ్ళిస్తే గ్రౌండ్లు పోయినట్టే. రైతు కొడుకులు ఎడగారుకి నీళ్ళు రాకూడదని మనసులో మొక్కుకుంటారని నా అనుమానం. ఏ తండ్రి ముందూ ఆ మాట అనరనుకోండి.

పండగలకీ, తిరునాళ్ళకీ బండలాగుడు. అది చూడాలంటే కందుకూరు, ఒంగోలు వైపు పోవాలి. పళ్ళని బట్టి గిత్తల్ని విభాగాలు చేస్తారు, పాలపళ్ళు, రెండు పళ్ళు, నాలుగు, ఆరు, ఆపైన సీనియర్స్. ఇచ్చిన నిమిషాల్లో బండని ఎన్ని అడుగులు లాగాయన్నది లెక్క. మైకులో అడుగులు చదువుతుంటే ముసలోళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటారు. ఆ ఒంగోలు జాతి పశువుల్నే ఎప్పుడో ఓడల్లో బ్రెజిల్ తీసుకెళ్ళారు, వాటి పేరు అక్కడ నెలోర్, అంటే మన నెల్లూరు. ఒంగోలు ఒకప్పుడు నెల్లూరు జిల్లాలోదే కదా. ఒంగోలువాళ్ళ దగ్గర మాత్రం ఈ మాట ఎత్తకండి, భోజనం పెట్టకుండా పంపేస్తారు.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మర పడవలు సముద్రంలోకి పోకూడదు, చేపలు గుడ్లు పెట్టే కాలం. తుమ్మలపెంట తీరంలో పడవలు ఇసుకలో బోర్లా పడుంటాయి, రంగులేస్తుంటారు, వలలు అల్లుకుంటుంటారు. మృగశిర నాడు చేప తినాలన్నది మన ఆచారం, అది జూన్ ఏడో ఎనిమిదో తేదీన వస్తుంది. కాబట్టి ఆ రోజు చెరువు చేపే గతి. మా ఆవిడ పులుసులో మామిడికాయ వేసి ఆ లోటు తెలీకుండా చేస్తుంది.

అన్నీ కాలానికి కట్టుబడే ఉండవు. నెల్లూరు స్వర్ణాల చెరువు దగ్గర బారాషహీద్ దర్గా రొట్టెల పండగ మొహర్రంతో పాటు ఏటా పదిపదకొండు రోజులు ముందుకి జరుగుతుంది. 1996లో మే నెల మంటల్లో వెళ్ళాను. 2012లో నవంబరు చివర వెళ్ళాను. 2025లో జూలై మొదట్లో వచ్చింది. ముప్ఫై మూడేళ్ళకి ఒక చుట్టు తిరిగొస్తుంది, నేను ఇంచుమించు ఒక చుట్టు పూర్తిచేశాను. హిందువులూ ముస్లిములూ అందరూ నీళ్ళలో దిగి రొట్టెలు మార్చుకుంటారు. ఉద్యోగం రొట్టె, పెళ్ళి రొట్టె, చదువు రొట్టె అని అరుస్తుంటారు. కోరిక తీరినవాళ్ళు మరుసటి ఏడాది అదే పేరు రొట్టె తెచ్చి ఇంకొకరికి ఇవ్వాలి. మోకాలు పోయిన ఏడాది నేను ఆరోగ్యం రొట్టె తీసుకున్నాను. ఇచ్చినామె చేతికి ఇంకా పిండి అంటుకుని ఉంది. మరుసటి ఏడాది నడుచుకుంటూ వెళ్ళి నా రొట్టె ఒక లారీ డ్రైవరుకిచ్చాను.

చిన్న ఊరి చెడ్డ కూడా చెప్పాలి. మీ ఇంటికి ఎవరొచ్చారో, ఎందుకొచ్చారో మీకంటే ముందు వీధికి తెలుస్తుంది. గుండె నొప్పంటే నెల్లూరుకో, ఒంగోలుకో పరుగెత్తాలి, స్టెంటు వేయించుకున్నవాళ్ళయితే ఇది తేలిగ్గా తీసుకోకండి. మా పక్కనున్న రామాయపట్నం పోర్టు పని 2022లో మొదలయ్యాక స్థలాల రేట్ల గురించి ఎవరి నోటికొచ్చింది వాళ్ళు చెబుతున్నారు. ‘రేపు డబులవుతుంది’ అన్నవాడి దగ్గర కొనకండి. రైళ్ళకి లోటు లేదు, సింహపురి ఎక్కితే పిల్లల దగ్గరికి ఒక రాత్రి ప్రయాణం. అది మంచిదో చెడ్డదో మీ కోడలిని అడగండి.

మే నెలాఖరులో వస్తే కాటన్ చొక్కాలు, ఒట్టి కాళ్ళతో నడిచే ఓపిక తెచ్చుకోండి. పొద్దున ఐదింటికి స్టేషన్ రోడ్డులో టీ కొట్టు తెరిచే ఉంటుంది, డ్రిల్ అయ్యోరు ఎక్కడని అడిగితే చూపిస్తారు. నవంబరులో వస్తే గొడుగు మాత్రం తేవొద్దు. మా గాలికి మొదటిరోజే తిరగబడిపోతుంది, మంచి రెయిన్‌కోటు కొనుక్కుని రండి.